చర్చి ఆవరణలో ఈనిన ఆవు

తాడుకి ఒక కొసన దూడ ముందుకాళ్ళు ఉన్నాయి. రెండో కొస రైల్వే కంపెనీ పెద్దదొర చేతుల్లో ఉంది. మధ్యలో, తెల్ల అంగీ చేతులు భుజాల దాకా మడిచి, మోచేతులు దాటేలా ఆముదం పూసుకుని, మోకాళ్ళ మీద కూర్చున్నారు మా ఊరి ఐరిష్ ఫాదరు.

"ఇప్పుడు," అన్నారాయన ఇంగ్లీషులో, వెనక్కి తిరిగి చూడకుండా. దొర లాగాడు. "ఆపండి." దొర ఆపాడు. బిలాస్‌పూర్‌లో ఆ దొరని ఆపమన్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తరవాత కూడా చూడలేదు.

నేనూ మా పెద్దమ్మా ఆవు తల దగ్గర ఉన్నాం. ఆవు పక్కకి ఒరిగి పడుకుంది. పెద్దమ్మ దాని చెవిలో ఏదో చెబుతూనే ఉంది. నేను కొమ్ములు పట్టుకున్నాను. ఫాదరు మళ్ళీ "ఇప్పుడు" అన్నారు. ఆవు ఊపిరి బిగబట్టింది, దొర బూట్లు గడ్డిలో జారాయి, దూడ ఒక్కసారిగా బయటికొచ్చి గోనెపట్టా మీద పడింది. పడ్డది కదల్లేదు. ఫాదరు దాని నోట్లో వేళ్ళు పెట్టి జిగురు తీశారు. ఎండుగడ్డి పరక ఒకటి ముక్కులో దూర్చి తిప్పారు. దూడ తుమ్మి, తల విదిలించింది.

"పెయ్యదూడ అప్పా," అన్నారు ఫాదరు, ఈసారి తెలుగులో.

పెద్దమ్మ ఆవు మెడ మీద తల పెట్టుకుని ఉండిపోయింది. దొర తాడు వదిలేసి తన రెండు అరచేతులూ చూసుకున్నాడు. మొహం ఎర్రబడి ఉంది, నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. అంతలో వెనకున్న క్వార్టర్ల ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. దాంతో దొర మొహంలో నవ్వు తగ్గింది.

"ఈ ఆవు ఎవరిది, ఫాదర్?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకి నిజం చెబితే మా పెద్దమ్మకి ఆవు పోతుంది, ఆవుతో పాటు ఇల్లూ పోతుంది. ఫాదరు అబద్ధం ఆడరన్నది మా క్వార్టర్ల లైనులో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అక్కడున్న వాళ్ళమందరం ఆయన నోటి వైపే చూశాం.

ఆయన ఏం చెప్పారో చెప్పే ముందు, ఆ ఆవు అక్కడికి ఎలా వచ్చిందో, ఆ ఫాదరు మా ఊరికి ఎలా వచ్చారో చెప్పాలి.

ఐర్లండు పడమటి తీరంలో, రాళ్ళు ఏరి గోడలు కట్టుకున్న చిన్న చిన్న పొలాల మధ్య ఆయన పుట్టారు. పొలం పెద్దన్నకి వచ్చింది. రెండో అన్న అమెరికా వెళ్ళాడు. ఈయన్ని ఫాదరు కావడానికి గురువుల చదువుకి పంపారు. పందొమ్మిదో శతాబ్దం ఆఖరి రోజుల్లో, మీసాలు సరిగా రాని వయసులో ఓడెక్కి బొంబాయిలో దిగారు. అక్కడి నుంచి నాగపూరు, నాగపూరు నుంచి మా ఊరు. అప్పటికి బిలాస్‌పూర్ స్టేషన్ చుట్టూ ఇంకా అడవి వాసన పోలేదని చెప్పేవారు. తరవాత ఆయన మళ్ళీ ఆ సముద్రం దాటలేదు. సెలవు మీద వెళ్ళి రమ్మని పై వాళ్ళు అడిగినప్పుడల్లా ఏదో ఒక పని అడ్డం చెప్పేవారు. వెళ్తే మళ్ళీ రాబుద్ధి కాదేమోనన్న భయమే అసలు కారణమని మా పెద్దమ్మతో ఒకసారి అన్నారు. ఆ మాట ఆయన తన బిషప్పుతో కూడా అని ఉండరు.

ఆయన చర్చికి వచ్చేవాళ్ళు ఇంజను డ్రైవర్లు, గార్డులు, వాళ్ళ భార్యాపిల్లలు. ఎక్కువమంది ఆంగ్లో ఇండియన్లు, కొద్దిమంది గోవా వాళ్ళు, షెడ్డులో పనిచేసే తమిళులు. మా తెలుగు వాళ్ళలో ఆయన మతం వాళ్ళు ఒక్కరూ లేరు. మా తాతలు నాగావళి ఒడ్డు నుంచి పట్టాలు వేసే పనికి వచ్చి, పట్టాలు వేయడం అయిపోయాక వాటి పక్కనే ఉండిపోయారు. మా దేవతలూ మాతోనే వచ్చారు. వాళ్ళ జోలికి ఫాదరు ఎప్పుడూ రాలేదు. మా పెదనాన్న ఒకసారి ఆయన్నే అడిగేశాడు.

"ఏటి బాబూ, అందరినీ కలుపుకుంతావు గదా, మమ్మల్ని పిలవ్వేటి?"

"పిలిస్తే మీ ఆవిడకి కోపమొస్తాది. కోపమొస్తే పాలల్లో నీళ్ళు కలుపుతాది. నాకు పాలు ముఖ్యం," అన్నారు ఫాదరు.

ఆయన్ని మా లైనుకి తెచ్చింది నిజంగా పాలే. తార్‌బహార్ బజారులో పాలు పోసేవాడితో ఆయనకి రోజూ తగాదా. ఒక ఉదయం ఆ గిన్నె అక్కడే ఒంపేసి, దారిన పోతున్న ఒక ఆవు వెంట సైకిలు నడిపించుకుంటూ బయల్దేరారట. ఆ ఆవు పెద్దమ్మది. అది నేరుగా ఇంటికొచ్చింది, వెనకే ఈయన. పెద్దమ్మ పితుకుతుంటే అరచేతిలో కాస్త పోయించుకుని నాకి, "ఇది నిన్న వేపాకు తింది," అన్నారు. అప్పటికి ఆయన మాట్లాడింది ఛత్తీస్‌గఢీ. పెద్దమ్మకి ఆ భాష వచ్చు. నిజంగానే తిన్నదని ఒప్పుకుంది. ఆ రోజు నుంచి ఆయనకి పాలు మా పెద్దమ్మే పోసింది, ఆవిడ తెలుగు ఆయనకి అబ్బింది. అందుకే ఆయన తెలుగు పుస్తకాల్లోలా ఉండేది కాదు. "ఏటప్పా, నీ ఆవు ముక్కు పొడిగా ఉన్నాదేటి?" అనేవారు. లైనులో అందరూ ఆవిడని అప్పా, అంటే అక్కా, అని పిలవడం విని, తనకంటే పదేళ్ళు చిన్నదైన మనిషిని ఆయన కూడా అప్పా అనే పిలిచారు. ఆవిడకి ఆయన ఫాదరుబాబు.

పాలు పోసే వేళ ఆయన గడప బయట బల్ల మీద కూర్చుని తన ఊరి సంగతులు చెప్పేవారు. వాళ్ళ ఊళ్ళో చలికాలం ఆవు ఇంట్లోనే ఉండేదట. ఒకటే గది, ఒక చివర పొయ్యి, రెండో చివర ఆవు. ఆవు ఊపిరికి గది వెచ్చగా ఉండేదట. ఈ మాట మా ఆడవాళ్ళకి ఆయన చెప్పిన మిగతా అన్ని విషయాల కంటే నచ్చింది.

"మనలాగే ఉన్నారే," అంది పక్కింటి ముసలమ్మ. "దొరలంటే మరేటో అనుకున్నాం."

"మేం దొరలం కాదమ్మా," అన్నారు ఫాదరు. "దొరల పొలాలకి పక్కనున్నోళ్ళం."

ఆయన చదువుకి వెళ్ళే రోజున వాళ్ళ నాన్న దగ్గర ఇవ్వడానికి ఏమీ లేక, ఉన్న రెండు ఆవుల్లో ఒకటి సంతకి తోలుకెళ్ళాడట. "అయితే నీ సదువు ఆవు సెప్పించినాది," అంది పెద్దమ్మ. "అవునప్పా," అన్నారు ఆయన.

ఇక మా పెద్దమ్మ సంగతి. పెదనాన్న యార్డులో బళ్ళు కలిపే పని చేసేవాడు. ఒక వానాకాలం కాలు జారి కుడి పాదం పోగొట్టుకున్నాడు. కంపెనీ ఆయన్ని తీసేయకుండా లాంపు రూములో దీపాల అద్దాలు తుడిచే పనిలో పెట్టింది. జీతం బాగా తగ్గింది. తఖత్‌పూర్ సంతలో కొన్న ఆవు ఆ లోటు పూడ్చింది. నలుగురు పిల్లలు దాని పాల మీద, తరవాత దాని పెయ్యల పాల మీద పెరిగారు. నేను కూడా కొంత ఆ పాల మీదే పెరిగాను, మా ఇల్లు వాళ్ళ ఇంటి గోడకి ఆనుకునే ఉండేది కనక.

అయితే కంపెనీ క్వార్టర్లలో పశువుల్ని కట్టకూడదన్నది రూలు. క్వార్టరు ఇచ్చే కాగితంలోనే అచ్చువేసి ఉండేది. మొదటిసారి దొరికితే హెచ్చరిక. రెండోసారి దొరికితే పశువు బందెలదొడ్డికి, మనుషులు రోడ్డు మీదికి. లైనులో సగం ఇళ్ళ వెనక పశువులున్నాయి. మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకునేవారు కాదు. తనిఖీ దొర సెలూను బండిలో, అంటే ఆయన ఒక్కడి కోసం తగిలించే రైలుపెట్టెలో, వచ్చే రోజున మాత్రం ఒక్క పేడకడి కూడా కనిపించకూడదు. పెద్దమ్మ అప్పటికే ఒకసారి దొరికింది.

తనిఖీ వస్తోందని టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసే మా తెలుగాయన ముందే చెప్పేవాడు. చెప్పగానే ఆడవాళ్ళు పశువుల్ని విప్పి, గేటు దగ్గర పట్టాలు దాటించి, అవతల ఉన్న చర్చి ఆవరణలోకి తోలేవారు. ఎత్తు గోడ, లోపల బోలెడు గడ్డి. ఈ ఏర్పాటుకి ఫాదరు ఒప్పుకున్న రోజున రెండు షరతులు పెట్టారు.

"సమాధుల మీదికి పోనియ్యొద్దు. ఇంకోటి, నన్నెవరైనా అడిగితే నేను అబద్ధం చెప్పను."

"అయితే మేం మునిగిపోతాం గదా బాబూ."

"అందుకే అడగనియ్యకూడదు," అన్నారు ఆయన.

అలా ఏళ్ళు గడిచాయి. ఎవరూ అడగలేదు. ఒకరిద్దరు డ్రైవర్ల భార్యలు చర్చి ముందర ఇన్ని ఆవులెందుకని ముక్కు మూసుకుంటే, "గడ్డి బాగా పెరిగిందమ్మా," అనేవారు. అది నిజమే.

నేను చెబుతున్న తనిఖీ రెండో ప్రపంచయుద్ధానికి ఏడెనిమిదేళ్ళ ముందు ఒక ఎండాకాలంలో వచ్చింది. అప్పటికి నేను నాగపూరులో అచ్చయ్యే ఒక దినపత్రికకి ఊరి వార్తలు రాసి పంపుతున్నాను. పొద్దున్నే లైనులో కలకలం విని బయటికొస్తే, అందరి పశువులూ గేటు వైపు కదిలిపోతున్నాయి. పెద్దమ్మ ఆవు మాత్రం గుంజకి కట్టే ఉంది. పెద్దమ్మ దాని పక్కన నిలబడి ఉంది. పెదనాన్న చంకకర్ర మీద ఊగిపోతున్నాడు.

"సెలూను అప్పుడే చాంపా టేసను దాటీసినాదంటన్నారు. విప్పవేటి?"

"నాను విప్పను. సూలావు. ఇయ్యాలో రేపో ఈనుతాది. సూలావుని పట్టాలు దాటించకూడదు."

ఇది మా వాళ్ళు మాత్రమే పట్టుకునే పట్టు. నాగావళి దగ్గర, ఈనే రోజులు దగ్గరపడ్డ ఆవుని ఏరు దాటించకూడదని ఒక నమ్మకం ఉంది. దాటిస్తే దూడ అడ్డం తిరుగుతుందంటారు. బిలాస్‌పూర్ వచ్చాక మా వాళ్ళకి దాటాల్సిన ఏరు లేదు. అర్పా నది ఉంది గానీ అది మా దారిలో లేదు. రోజూ దాటేవి పట్టాలే. దాంతో ఏటికున్న నియమం పట్టాలకి అంటుకుంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నాకు ఊహ తెలిసేసరికి అది వేదవాక్కు.

"నా కాలు పోనాది. ఇప్పుడు ఇల్లు కూడా పోవాలేటి?" అన్నాడు పెదనాన్న.

"నీ కాలు ఎక్కడ పోనాది? ఆ పట్టాల మీదే గదా," అంది పెద్దమ్మ.

అప్పుడు ఫాదరు సైకిలు మీద వచ్చారు. అన్ని ఆవులూ వచ్చి ఈ ఒక్కటీ రాకపోయేసరికి సంగతేమిటో చూద్దామని వచ్చారట. విషయం విన్నారు. నవ్వలేదు. ఆవు తోక కింద చూశారు, పొదుగు తడిమారు, "చాలా దగ్గరికొచ్చేసినాది," అన్నారు. కాసేపు ఆలోచించి, "పట్టాలు దాటకూడదు. మరి పట్టాల కిందనుంచి పోవచ్చునా?" అని అడిగారు.

పట్టాల కట్ట కింద వాననీళ్ళు పోవడానికి కట్టిన ఇటుక మోరీ ఒకటి ఉంది. ఎండాకాలం కాబట్టి పొడిగా ఉంది. ఆవు తల వంచితే పట్టేంత ఎత్తు. ఫాదరు ప్రశ్నకి జవాబు చెప్పగలిగేది ఒక్క పక్కింటి ముసలమ్మే. ఆవిడని తీసుకొచ్చారు. ఆవిడ పొగచుట్ట తీసి పక్కన పెట్టి, తాపీగా ఆలోచించింది. నలభై అడుగుల దూరంలో పెదనాన్న చంకకర్రతో నేల పొడుస్తున్నాడు.

"ఏరు దాటడమంటే నీట్లో కాలెట్టడం," అంది చివరికి. "ఇక్కడ పట్టా మీద కాలెట్టడం నేదు గదా. ఫర్వానేదు. తోలండి."

"అచ్ఛా, తోలండి," అన్నారు ఫాదరు కూడా.

ఆయన ముందు నడిచారు, పెద్దమ్మ ఆవు పక్కన, నేను వెనక. మోరీ మధ్యలో ఉండగా మా నెత్తి మీదుగా గూడ్సు బండి వెళ్ళింది. ఇటుకలు అదిరి దుమ్ము రాలింది. ఆవు బెదిరి ఒక్క ఉరుకున అవతలికి దూసుకుపోయింది. చర్చి గేటు దాటి నాలుగడుగులు వేసిందో లేదో ఉమ్మనీరు పోయింది.

పెద్దమ్మ ఫాదరు మీద విరుచుకుపడింది. "సెప్పినానా నాను? కింద నుంచైనా పట్టాలు పట్టాలే. ఇనిపించుకున్నావా? నీ మాట, ఆ ముసిల్దాని మాట ఇని నా ఆవుని సంపుకున్నాను."

"తిట్టప్పా, బాగా తిట్టు. ముందు ఆముదం తెప్పించు," అన్నారు ఆయన, అప్పటికే చేతులు మడుస్తూ.

ఎంతసేపైనా ఒక్క గిట్టే కనిపిస్తోంది. రెండోది రావడం లేదు. ఇలాంటప్పుడు చెయ్యి వేసే పశువుల కాపరి ఊరి మందతో అర్పా అవతలికి పోయాడు. ఫాదరు చెయ్యి లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని వెతికారు. ఒక కాలు వెనక్కి మడిచి ఉందన్నారు. దూడని లోపలికే కాస్త నెట్టి, గిట్టని అరచేత్తో కప్పి, ముందుకు తిప్పాలి. ఆ పని ఆయన ఎంత నిదానంగా చేశారో నేను మాటల్లో పెట్టలేను. ఆవు నొప్పి తీసినప్పుడు ఆగేవారు, వదిలినప్పుడు మళ్ళీ మొదలుపెట్టేవారు. ఏదో పాటలాంటిది, తెలుగూ కాదు ఇంగ్లీషూ కాదు, ముక్కుతో పాడుతున్నారు. పెద్దమ్మ తిట్లు ఎప్పుడు ఆగాయో నేను గమనించలేదు. రెండో గిట్ట బయటికి రాగానే ఆయన తాడు కావాలన్నారు. మోకు అయితే కాళ్ళు కోసుకుపోతాయి. చర్చి లోపల పంకా లాగే మెత్తటి నూలు తాడు విప్పుకొచ్చారు. దాన్ని దూడ కాళ్ళకి ముడివేసి, రెండో కొస పంకా లాగే మనిషికే ఇచ్చారు. ఏళ్ళ తరబడి ఆ తాడు లాగిన చేతులు అతనివే.

ఇక్కడ జరిగింది ఎవరూ ఊహించనిది. చర్చి పైకప్పు దూలాలకి చెద పట్టిందని, చర్చి రైల్వే స్థలంలో ఉంది కాబట్టి రైల్వేయే బాగుచేయించాలని ఫాదరు చాలాకాలంగా మొరపెట్టుకుంటున్నారు. ఎవరూ వచ్చింది లేదు. ఆయన కూడా ఆశ వదులుకున్నారు. ఈసారి వచ్చిన పెద్దదొర కొత్తవాడు. బండి దిగుతూనే, క్వార్టర్ల కంటే ముందు ఆ కప్పు చూద్దామన్నాడట. ఇన్‌స్పెక్టరుని వెంటబెట్టుకుని నేరుగా చర్చి గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. ఆవరణ నిండా ఆవులు.

పంకా మనిషి అందరికంటే ముందు దొరని చూశాడు. చూసిన వెంటనే, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, తాడు వదిలేసి రెండు చేతులూ ఎత్తి సలాము చేశాడు. సరిగ్గా అప్పుడే ఆవుకి పెద్దనొప్పి వచ్చింది. వెనక ఎవరున్నారో చూసే తీరిక లేని ఫాదరు ఇంగ్లీషులో కేకేశారు: "ఎవరో ఒకరు ఆ తాడు పట్టుకోండి, దేవుడి పేరు చెప్పి."

ఇంగ్లీషులో అన్నారు కాబట్టి, అక్కడ ఆ భాష వెంటనే అందుకున్నది దొర ఒక్కడే. ఆయనే పట్టుకున్నాడు.

మిగతాది మొదట్లోనే చెప్పాను. ఇక ఆ ప్రశ్న.

"ఈ ఆవు ఎవరిది, ఫాదర్?"

ఫాదరు లేచి నిలబడ్డారు. మోకాళ్ళ దగ్గర అంగీ అంతా తడిసి ఉంది. పెద్దమ్మ వైపు చూశారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు గానీ ఏమడిగారో అర్థమైంది. ఆవిడ తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు.

"ఈమెది," అన్నారు ఫాదరు. "పట్టాల అవతల, మీ తెలుగు లైనులో ఉంటుంది. భర్త మీ యార్డులో పాదం పోగొట్టుకున్నాడు. ఆవుని ఇంటి వెనక కడుతుంది. ఈ మిగతావి కూడా ఆ లైనువే. మీ తనిఖీ ఉన్నప్పుడల్లా ఇక్కడికి వస్తాయి. నేనే రానిస్తున్నాను."

మొత్తం చెప్పేశారు. ఒక్క ఆవు గురించి అడిగితే అన్ని ఆవుల సంగతీ చెప్పేశారు. గోడ పక్కన నిలబడ్డ ఆడవాళ్ళలో ఎవరో "ఓలమ్మ, కొంప ముంచీసినాడు," అని గొణిగారు.

ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, రూలు తప్పితే తన ఉద్యోగం పోతుందని భయపడేవాడు. "సార్, ఈమెకి ఒకసారి హెచ్చరిక ఇచ్చాం. ఇది రెండోసారి."

దొర బకెట్లో చేతులు కడుక్కుంటున్నాడు. ఆముదం అంత తేలిగ్గా వదల్లేదు.

"ఆవు ఎక్కడుంది?" అన్నాడు.

"ఇక్కడే సార్, మీ ఎదురుగానే."

"క్వార్టరులో ఉందా?"

"ఇప్పుడు లేదు సార్."

"అయితే క్వార్టరులో పశువు దొరకలేదు. అలాగే రాయి." చేతులు విదిలించి, ఫాదరు వైపు తిరిగాడు. "నేను వచ్చింది కప్పు చూడటానికి. పదండి, చూపించండి."

ఇద్దరూ చర్చి లోపలికి వెళ్ళారు. తలుపు దగ్గర దొర ఒక్క క్షణం ఆగి వెనక్కి చూశాడు. దూడ నాలుగు కాళ్ళ మీద లేవబోయి, కూలబడి, మళ్ళీ లేస్తోంది. అది నిలబడేదాకా చూసి లోపలికి వెళ్ళాడు.

పెద్దమ్మకి నేను తెలుగులో అంతా చెప్పాను. ఆవిడ నన్ను రెండుసార్లు చెప్పించుకుంది. తరవాత కొంగు నడుముకి బిగించుకుని, "బడాసాబు బండి ఎప్పుడెల్తాది?" అని అడిగింది.

"సాయంత్రం దాకా సైడింగులోనే ఉంటాదట."

"దూడని లాగినోడు జున్ను తినకుండా ఎల్తే దూడకి మంచిది కాదు."

ఆ మధ్యాహ్నం బెల్లం, మిరియాల పొడి వేసి వండిన జున్ను ఇత్తడి గిన్నెలో సెలూను బండికి వెళ్ళింది. తీసుకెళ్ళింది పంకా మనిషి. గిన్నె పంచదారతో తిరిగొచ్చింది. వచ్చిన గిన్నె ఖాళీగా పంపకూడదన్న మర్యాద దొరకి తెలుసో, ఆయన మద్రాసు బట్లరుకి తెలుసో మాకు తెలియదు. ఫాదరు తన వంతు జున్ను గడప బయట బల్ల మీద కూర్చుని తిన్నారు. పెద్దమ్మ ఎదురుగా నిలబడింది.

"ఏటి బాబూ, కొంచెం తక్కువ సెప్తే పోయేది గదా. అన్నీ సెప్పీసినావు."

"నిజం సగం చెప్తే మిగతా సగం వాళ్ళే వెతుకుతారప్పా. మొత్తం చెప్తే వాళ్ళకి వెతకడానికేమీ ఉండదు," అన్నారు. "ఇంకొంచెం వెయ్యి."

ఆ వారం నేను పత్రికకి పంపిన వార్త రెండు వాక్యాలే. బిలాస్‌పూర్ చర్చి పైకప్పును రైల్వే అధికారి స్వయంగా పరిశీలించారని, మరమ్మతులకు ఆదేశించారని. అందులో అబద్ధం లేదు. కప్పు నిజంగానే వానలకి ముందే బాగైంది.

ఆ తరవాత ఫాదరు పేరు లైను దాటి పాకింది. తఖత్‌పూర్ దారిలో ఉన్న పల్లెల నుంచి కూడా, ఆవు ఈనలేకపోతోందంటే ఎడ్లబండి కట్టుకుని ఆయన కోసం వచ్చేవారు. ఆయన బండి ఎక్కేవారు కాదు, సైకిలు మీదే వెళ్ళేవారు. బైబిలు ఒక సంచిలో, పంకా తాడు ఇంకో సంచిలో. పంకా మనిషికి కొత్త తాడు కొనిచ్చారు. కొన్ని ప్రాణాలు దక్కాయి, కొన్ని దక్కలేదు. దక్కని ఇంట్లో కూడా ఆయన్ని కూర్చోబెట్టి నీళ్ళిచ్చేవారు. చర్చిలో ఒకరిద్దరు పెద్దలకి ఇది నచ్చలేదు. పశువుల పని చేసే గురువేమిటని బిషప్పుకి రాశారని విన్నాను. బిషప్పు వచ్చి చూసి, జున్ను తిని వెళ్ళారని కూడా విన్నాను.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో, సైనికుల బళ్ళు ఎడతెగకుండా మా స్టేషన్ మీదుగా పోతున్న కాలంలో, ఆయన మా ఊళ్ళోనే కన్నుమూశారు. అప్పటికి ఆ పెయ్య పెద్దదై, ఈని, దాని పెయ్యలు కూడా ఈని, లైనులో చాలా ఇళ్ళ దగ్గర ఆ సంతతి ఉంది. పెద్దమ్మ పిల్లలు నలుగురూ స్థిరపడ్డారు. పెదనాన్న లాంపు రూము నుంచే రిటైరయ్యాడు. ఇన్నేళ్ళలో మా లైనులో ఒక్క ఆవు కూడా బందెలదొడ్డికి వెళ్ళలేదు, ఒక్క క్వార్టరూ ఆవు వల్ల ఖాళీ కాలేదు.

ఆ తనిఖీ అయిన మర్నాడే లైనంతా పశువుల్ని దాచడం మానేసి ఇళ్ళ ముందరే కట్టేసింది. అది చూసి ఇన్‌స్పెక్టరు కంగారుపడి పై ఆఫీసుకి రాశాడు. చర్చి దగ్గర దొరగారు అన్న మాట ఆ ఒక్క ఆవుకేనా, అన్నిటికీనా. ఆ ఒక్క రోజుకేనా, ఎప్పటికీనా, తెలియజేయవలసిందిగా కోరుతున్నానని. జవాబు వచ్చేదాకా ఏ ఆవు జోలికీ పోకూడదనుకున్నాడు. దొర బదిలీ అయ్యాడు. ఇన్‌స్పెక్టరు రిటైరయ్యాడు. కంపెనీ పోయి సర్కారు వచ్చింది. పశువుల్ని కట్టకూడదన్న రూలు క్వార్టరు కాగితాల్లో ఇప్పటికీ అచ్చవుతోంది. ఇన్‌స్పెక్టరు అడిగినదానికి జవాబు మాత్రం ఇంకా రాలేదు.